అంగడి మూయించిన తొరపల్లి బిడ్డ

తాగేవాడికన్నా ముందు ఇల్లు అడుగంటుతుంది.. రాజాజీ మద్యనిషేధం వెనక ఉన్న లెక్క ఇదే

కావేరిపట్టణం: తాగుడుకు బానిసైనవాడు పూర్తిగా చితికిపోతే తప్ప మారడని చాలామంది అంటారు. పని పోవాలి, ఒళ్లు గుల్ల కావాలి, అయినవాళ్లు ఛీకొట్టాలి, అప్పుడుగానీ కళ్లు తెరవడని నమ్మకం. మన ప్రాంతంలోనే పుట్టిన ఒకాయన ఈ లెక్క ఒప్పుకోలేదు. తాగేవాడు అడుక్కి చేరేలోపే పెళ్లాం పుస్తెలు తాకట్టుకు పోతాయి, పిల్లల కంచంలో అన్నం మాయమవుతుంది. అందాకా ఎందుకు ఆగాలి, అంగడే మూసేస్తే పోలా అనుకున్నారాయన. ఆయనే చక్రవర్తి రాజగోపాలాచారి. అందరికీ రాజాజీ.

హోసూరు బడి నుంచి..
రాజాజీ 1878 డిసెంబరు 10న హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టారు. తండ్రి ఊరి మునసబు. హోసూరులో చదువుకుని, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా పూర్తిచేశారు. 1900లో సేలంలో ప్లీడరుగా బోర్డు పెట్టి బాగా సంపాదించారు. 1917లో సేలం మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. గాంధీజీ పిలుపుతో ఆ ప్రాక్టీసంతా వదిలేశారు.

1925లో తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం పెట్టి, పిల్లలతో సహా అక్కడే కాపురం ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో కూలి డబ్బులు ఇంటికి రాకుండానే కల్లు, సారాయి అంగళ్లకు వెళ్లిపోవడం దగ్గర్నుంచి చూశారు. రాట్నం వడికించి నాలుగు డబ్బులు చేతికిచ్చినా, అవి సాయంత్రానికి అంగడి గల్లాలో పడుతుంటే ఆ ఇల్లు బాగుపడేదెట్లా? ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. 1929లో విమోచనం పేరుతో తాగుడు మాన్పించడం కోసమే ఒక తమిళ పత్రిక మొదలుపెట్టారు. తర్వాత పెద్ద రచయితగా పేరు తెచ్చుకున్న కల్కి కృష్ణమూర్తి అందులో ఆయనకు చేదోడు. బొమ్మలు, చిన్న కథలతో చదువురాని వాళ్లకూ అర్థమయ్యేలా నడిపారు.

1937 అక్టోబరు 1
1937 జులైలో రాజాజీ మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి అయ్యారు. మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. అప్పట్లో హోసూరు, క్రిష్ణగిరి, కావేరిపట్టణం అన్నీ సేలం జిల్లాలోవే. అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ ప్రయోగం మొదలైన గడ్డ మనదే. మరుసటి ఏడాది సరిహద్దుకు అవతల మన తెలుగు జిల్లాలు చిత్తూరు, కడపలకూ అది పాకింది.

సారాయి మీద వచ్చే పన్ను ఖజానాకు పెద్ద ఆదరువు. అది పోతే సర్కారు ఎట్లా నడుస్తుందని చాలామంది ఎగతాళి చేశారు. రాజాజీ 1939లో అమ్మకం పన్ను తెచ్చి ఆ లోటు పూడ్చే దారి చూపించారు. ఈరోజు అంగట్లో మనం కట్టే పన్నుకు ఒక మూలం అక్కడుంది.

అయితే చట్టంతోనే అంతా అయిపోలేదు. చాటుగా సారా కాచడం ఉండనే ఉంది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేశాక, యుద్ధకాలంలో గవర్నరు పాలన నిషేధాన్ని పక్కనపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ హయాంలో అది రాష్ట్రమంతా అమలైంది.

జోరువానలో..
1971లో కరుణానిధి ప్రభుత్వం ఖజానా ఇబ్బంది చూపి నిషేధం ఎత్తేయాలని నిర్ణయించింది. గవర్నర్ జనరల్‌గా చేసిన మనిషి, భారతరత్న అందుకున్న మనిషి, 92 ఏళ్ల వయసులో జోరువానలో ముఖ్యమంత్రి ఇంటికి వెళ్లి, వద్దని బతిమాలుకున్నారు. ఫలితం లేకపోయింది. ఆగస్టు 30న అంగళ్లు తెరుచుకున్నాయి. ఏడాదిన్నర లోపే, 1972 డిసెంబరు 25న రాజాజీ కన్నుమూశారు. ఆ అంగళ్లు 1974కి మూతపడి, 1981లో మళ్లీ తెరుచుకున్నాయి. 2003 నుంచి చిల్లర అమ్మకాలూ సర్కారు టాస్మాక్ చేతికే వచ్చాయి. ఆంధ్రలోనూ అంతే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది.

రెండో దారి
సేలంలో నిషేధం రావడానికి మూడేళ్ల ముందు అమెరికాలో ఇంకో కథ నడిచింది. బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి తాగి తాగి అన్నీ పోగొట్టుకుని, 1934 డిసెంబరులో న్యూయార్క్ ఆసుపత్రిలో నాలుగోసారి చేరాడు. ఆ తర్వాత చనిపోయేదాకా మళ్లీ చుక్క ముట్టలేదు. 1935లో డాక్టర్ బాబ్ స్మిత్ అనే మరో తాగుబోతుతో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం మొదలుపెట్టాడు. తాగుడు మానినవాడే తాగేవాడికి తోడుండటం దాని పద్ధతి. ఇప్పుడు తమిళనాడులోనూ ఆ సంఘాలున్నాయి.

అడుగు తాకితేనే మారతారన్న మాటకు విల్సన్ కథనే చాలామంది ఉదాహరణగా చూపిస్తారు. కానీ అడుక్కి వెళ్లినవాళ్లంతా పైకి రారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో కల్తీ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లకు మారే అవకాశమే దక్కలేదు. అందుకే ఇవాళ డాక్టర్లు కూడా రాజాజీ వైపే మాట్లాడతారు. తాగుడు ఒక జబ్బు, ఎంత ముందు వైద్యం మొదలైతే అంత మేలు. చెన్నైలో టీటీకే ఆసుపత్రి 1980 నుంచి ఈ పనే చేస్తోంది. కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడి వైద్యంలో భాగం.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. ఏళ్లుగా రోజూ తాగేవాణ్ని ఒక్కసారిగా ఇంట్లో కట్టేసి మాన్పిస్తే వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం లాంటివి వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు చూపులోనే మాన్పించాలి.

చట్టం అంగడి మూయగలదు గానీ మనిషికి తోడుండలేదు. సంఘం తోడుండగలదు గానీ ఊరిమధ్య అంగడి మూయలేదు. రెండూ కావాలి. రాజాజీ పుట్టిన ఇల్లు తొరపల్లిలో ఇప్పుడు స్మారకంగా ఉంది. హోసూరు వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో తాగేవాళ్లుంటే వాళ్లనూ పిలుచుకుపోండి, అట్నుంచి అటే ఆసుపత్రికి కూడా.