సాన్యాక్ తిప్పిన బల్ల

ఫైబర్ ఆప్టిక్ గైరోస్కోప్ చదివేటప్పుడు సాన్యాక్ మనకొక ఫార్ములా మాత్రమే. (క్లాసులో అందరూ సాగ్నాక్ అంటారు.) నాకది అన్యాయం అనిపిస్తుంది.

జార్జ్ సాన్యాక్ 1869లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఈథర్ ఉందని గట్టిగా నమ్మిన మనిషి. 1913లో, తిరిగే బల్ల మీద అద్దాలు బిగించి, ఒకే కాంతిని రెండుగా చీల్చి ఎదురెదురు దిశల్లో తిప్పాడు. బల్ల తిరుగుతుంటే రెండూ ఒకేసారి చేరలేదు, ఫ్రింజులు జరిగాయి. ఇదిగో ఈథర్, అనుకున్నాడు. పాపం, అదే ఫలితాన్ని రిలేటివిటీ కూడా చక్కగా వివరిస్తుంది! 1928లో పోయేదాకా ఆయన రిలేటివిటీని ఒప్పుకోలేదు.

1976లో అమెరికాలో ఇద్దరు, అద్దాల బదులు ఫైబర్ చుట్ట వాడి చూపించారు. ఖరీదెక్కువ కాబట్టి మామూలు కార్లలో మెమ్స్ చిప్పులే ఉంటాయి. కానీ జీపీఎస్ అందని సొరంగంలో సర్వే బండి ఎటు తిరిగిందో చెప్పేది ఆ చుట్టే.