పేరు మిగిల్చి వెళ్ళిన మెకానిక్కు – లూయీ షెవర్లే



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. మహనీయుల గురించి రాయగల పండితులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్ళు గ్రీజు చేతులతో బతికిన మెకానిక్కుని. అందుచేత ఒక మెకానిక్కు కథే రాస్తున్నాను. ఆయన పేరు వినని వారు మనలో ఉండరు. అది ఒక మనిషి పేరని తెలిసినవారు మాత్రం తక్కువ. ఆయనే లూయీ షెవర్లే.

ఈ కథ వెతకడానికి కారణం మా మనవడు. వాడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో మెకానికల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆదివారం ఉదయం ఉప్పాడకు ఫోను చేస్తే క్షేమ సమాచారాలు రెండు నిమిషాలు, షెవర్లే వారి కమారో కారు గురించి అరగంట. మన రోజుల్లో కుర్రకారు యెజ్డీ మోటారు సైకిలు కోసం ఎంత తపించారో, అక్కడ కమారో కోసం అంత తపిస్తారు. ఫోర్డు వారి మస్టాంగ్‌కు పోటీగా 1966 సెప్టెంబరులో అది బజారుకొచ్చింది. 2002లో ఆపేశారు. అభిమానులు ఆశ వదులుకోలేదు. 2006లో నమూనా చూపించి, 2009లో మళ్ళీ తయారీ మొదలుపెట్టారు. 2023 డిసెంబరులో ఆఖరి బండి మిషిగన్‌లోని లాన్సింగ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. మళ్ళీ ఆగిపోయింది.

ఆ వారం ఫోనులో మనవడి గొంతు నీరసంగా ఉంది. ఆ కారు మీద ఇష్టంతోనే వాడు మెకానికల్ తీసుకున్నాడు. ఇక ఈ చదువెందుకు, స్నేహితులందరిలా కంప్యూటర్ల వైపు మారిపోతానన్నాడు. ఒకసారి తిరిగొచ్చిన కారు ఇంకోసారి రాదా అని ధైర్యం చెప్పాను. మన జావా 2018లో, యెజ్డీ 2022లో తిరిగి రాలేదా అన్నాను. మాటల్లో, ఇంతకీ షెవర్లే అంటే ఏమిట్రా అని అడిగాను. ఏదో ఊరి పేరై ఉంటుందన్నాడు. అన్నేళ్ళ అభిమానికి అసలు మనిషి తెలియకపోవడం నాకు కష్టమనిపించింది. ఆ మనిషి సంగతి నేనే తెలుసుకుని వాడికి చెబుతానన్నాను.

లూయీ షెవర్లే 1878 డిసెంబరు 25న స్విట్జర్లాండులోని లా షో-ద-ఫోన్ అనే ఊళ్ళో పుట్టారు. అది గడియారాల ఊరు. తండ్రి కూడా గడియారాల పనివాడే. చిన్న చిన్న పళ్ళచక్రాలు ఒకదానితో ఒకటి ఎలా కలవాలో ఆ పిల్లవాడు ఇంట్లోనే చూసి ఉంటాడు. తరువాత కుటుంబం ఫ్రాన్సులోని బోన్ అనే పట్టణానికి మారింది. అక్కడ ఆయన సైకిళ్ళు బాగుచేశారు, సైకిలు పందేలలో పాల్గొన్నారు. 1900లో కెనడాలోని మాంట్రియల్ చేరి, అక్కడి నుంచి న్యూయార్కు వెళ్ళి మోటారు కంపెనీలలో మెకానిక్కుగా కుదిరారు.

1905లో ఫియట్ కారు నడిపి పందేలలో గెలవడంతో ఆయన పేరు మారుమోగింది. ఆనాటి మేటి పందెగాడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్‌ను సైతం ఓడించారు. అప్పుడు బ్యూక్ కంపెనీ నడుపుతున్న విలియం డ్యురంట్ ఆయనను తన పందెపు జట్టులోకి తీసుకున్నారు. ఈ డ్యురంట్ గారే 1908లో జనరల్ మోటార్స్ స్థాపించి, 1910లో దాని మీద అధికారం పోగొట్టుకున్నారు. తిరిగి నిలదొక్కుకోవడానికి ఆయనకు జనంలో పలుకుబడి ఉన్న పేరొకటి కావలసి వచ్చింది. 1911 నవంబరు 3న డెట్రాయిట్‌లో షెవర్లే మోటారు కంపెనీ పుట్టింది. పేరు లూయీది, వ్యాపారం డ్యురంట్‌ది.

మొదటి కారు క్లాసిక్ సిక్స్. ఆరు సిలిండర్లు, ధర 2,150 డాలర్లు. లూయీ కోరుకున్నది అటువంటి పెద్ద, మేలైన బండి. డ్యురంట్ కోరుకున్నది ఫోర్డు మోడల్-టి తో పోటీపడే చవక బండి. ఇద్దరికీ పొసగలేదు. 1913లో లూయీ బయటికి వచ్చేశారు. తన వాటాలు అమ్ముకున్నారు. ఇంటిపేరు మాత్రం కంపెనీకే ఉండిపోయింది. ఆ కంపెనీ బలంతోనే డ్యురంట్ 1916లో జనరల్ మోటార్స్‌ను తిరిగి చేజిక్కించుకున్నారు. 1927లో షెవర్లే అమ్మకాలు ఫోర్డును మించిపోయాయి. లూయీకి అందులో చిల్లిగవ్వ లేదు.

తన ఇంటిపేరు తన కారుకు పెట్టుకునే వీలు లేక, తమ్ముళ్ళు ఆర్థర్, గాస్టన్‌లతో కలిసి ఆయన ఫ్రాంటెనాక్ అనే పేరుతో పందెపు కార్లు కట్టారు. 1920లో గాస్టన్ ఇండియానాపోలిస్ 500 మైళ్ళ పందెం గెలిచాడు. అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలో జరిగిన పందెంలో ప్రమాదానికి గురై చనిపోయాడు. అన్నగారు కట్టిన కారే 1921లో మళ్ళీ ఇండియానాపోలిస్‌లో గెలిచింది, టామీ మిల్టన్ చేతిలో.

ఆ తరువాత పని నాకు బాగా నచ్చినది. మోడల్-టి ఇంజనులో వాల్వులు పక్కన ఉంటాయి. వాటిని పైకి తెచ్చే సిలిండర్ హెడ్డును షెవర్లే సోదరులు తయారుచేసి అమ్మారు. అది బిగిస్తే మామూలు ఫోర్డు బండి పందేనికి పనికొచ్చేది. షెవర్లే గారి చెయ్యి పడి ఫోర్డు కార్లు పరుగెత్తాయన్నమాట!

తరువాత విమానపు ఇంజను తయారీకి దిగారు. అంతలో 1929 నాటి ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఉన్నదంతా పోయింది. 1930ల్లో, వయసు మీరాక, ఆయన తన పేరే రాసి ఉన్న షెవర్లే ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేరారని చరిత్ర రాసినవారు చెబుతున్నారు. గేటు మీద తన పేరు చదువుకుని లోపలికి వెళ్ళే పనివాడి మనసు ఎలా ఉంటుందో మనబోటివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆరోగ్యం చెడి, 1941 జూన్ 6న ఆయన కన్నుమూశారు. ఇండియానాపోలిస్‌లో సమాధి చేశారు.

మన దేశానికీ ఆ పేరు వచ్చింది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి షెవర్లే బళ్ళు బిగించి అమ్మింది, 1954లో మూసేసింది. 2003లో మళ్ళీ ఆ పేరుతో కార్లు వచ్చాయి, 2017తో అమ్మకాలు ఆగాయి. పేరుకు రాకపోకలు మామూలే.

ఇదంతా మనవడికి నాలుగు ఆదివారాలు చెప్పాను. చివర మా ఊరి సంగతీ చెప్పాను. ఉప్పాడ జమ్దానీ ఒక దశలో బాగా తగ్గిపోయింది. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, రెండు వైపులా ఒకేలా కనబడేట్టు బుటా వేసే చేతులు ఇంకా మిగిలి ఉన్నాయి గనుక తిరిగి లేచింది. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీర మీద నేసినవాడి పేరుండదు. షెవర్లే గారికేమో పేరుంది, చేతిలో ఏమీ మిగల్లేదు. ఏ వస్తువు తిరిగి రావాలన్నా ముందు దాన్ని చెయ్యగలిగిన చేతులు నిలబడాలి. కమారో రావాలని కోరుకునేవాళ్ళే ఆ విద్య వదిలేస్తే, రేపు వచ్చేది ఉత్త పేరేనని వాడితో అన్నాను.

సందర్భం వచ్చింది గనుక నా సంగతి ఒకటి. ఉద్యోగంలో ఉండగా వాల్వు స్ప్రింగును నొక్కిపట్టే చిన్న పనిముట్టు ఒకటి చేశాను. కాగితాల మీద అది వేరొకరి పేరున వెళ్ళింది. ఆ బాధ చాలా ఏళ్ళు ఉంది. రిటైరైన పిదప ఒక కుర్ర మెకానిక్కు మా ఇంటికొచ్చి, ఇప్పటికీ దానితోనే పని చేస్తున్నామని చెప్పాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మొన్న మనవడు స్నేహితులతో ఇండియానాపోలిస్ వెళ్ళి షెవర్లే గారి సమాధి చూసి వచ్చాడట. చదువు మార్చే సంగతి ఇంకా తేల్చలేదు. నేనూ ఒత్తిడి చెయ్యలేదు. ఎండాకాలంలో నన్ను రమ్మంటున్నాడు, ఆ ఊరు తీసుకెళతాడట. ముందు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వస్తానన్నాను. కార్ల పేర్లు చచ్చి బతుకుతూ ఉంటాయి గాని, మనం బతికున్నట్టు ఏటేటా రుజువు చూపాలి కదా!