సామర్లకోట తోట

విలియం రాక్స్‌బరో 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యముతోపాటు వృక్షశాస్త్రమును గూడ నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా చెన్నపట్టణము చేరెను. వచ్చిన నాటినుండియు అతనికొక వ్రతము వంటి అలవాటు కలదు. ప్రతిదినము ఎండ యెంత, గాలి యెటు, వాన యెంత యని కొలిచి పుస్తకమున వ్రాసికొనెడివాడు. ఆకాశమువంక చూచి సేద్యము సాగించు మా మర్రిపాడు మెట్టరైతులకు ఈ అలవాటు వింతగా తోచదు. పుస్తకమున వ్రాయుటయే క్రొత్త.

1781లో అతడు సామర్లకోటకు వచ్చెను. సిపాయిలకు వైద్యము చేయుట ఉద్యోగము. తోటపని అతని ప్రాణము. మిరియము, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ మున్నగువానిని తెచ్చి నాటెను. కంపెనీవారు లాభము నాశించియే ఈ తోటను ఆదరించిరి. ఆ మాట దాచ నవసరము లేదు. కాని అతని చూపు లాభముతో నాగలేదు. అడవిచెట్ల పేర్లను, గుణములను స్థానికుల నడిగి తెలిసికొని, దేశీయ చిత్రకారులచేత వాని రూపములను రంగులలో వ్రాయించెను. ఆ చిత్రకారులలో పెక్కురి పేర్లు మనకు దక్కకపోయినవి.

1787 మే నెలలో గొప్ప తుపాను చెలరేగెను. సముద్రము పొంగి కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్స్‌బరో ఏండ్లతరబడి కూర్చిన ఎండుమొక్కలు, గ్రంథములు, వ్రాతప్రతులు నీటిపాలయ్యెను. అప్పుడతని వయస్సు 35 ఏండ్లు. స్వదేశమునకు మరలిపోయినను తప్పు పట్టువారు లేరు. అతడు మరల మొదటి ఆకునుండి ప్రారంభించెను. పువ్వును చూచుట కొక ఋతువు, కాయను చూచుటకు మరియొక ఋతువు వేచియుండవలెను. ఆ పనిలో తొందర చెల్లదు. ఇట్లు రెండవమారు పడిన శ్రమయే కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథముగా ఫలించెను. 300 చిత్రములతో మూడు సంపుటములైన ఆ గ్రంథము 1795 మొదలు వెలువడెను.

వెలికొండల వంటి ఎండు అడవులలో పెరుగు సోమిచెట్టు బెరడు జ్వరమునకు మందని అతడు శాస్త్రలోకమునకు తెలిపెను. సోమిద యను తెలుగుపేరే ఆ చెట్టు శాస్త్రీయ నామమున సోయిమిడాగా నేటికిని నిలిచియున్నది.

1789 మొదలు వానలు తప్పి ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. జనులు ఆకలితో రాలిపోవుట రాక్స్‌బరో కన్నులార చూచెను. వరి, జొన్న ఎండిపోయిన యేట కూడ కాయగల చెట్లు ఉండవలెనని తలచి, కాలువగట్లపై కొబ్బరి, తాటి, పనస మున్నగువానిని విరివిగా నాటింపవలెనని పైవారికి వ్రాసెను. అవి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నాటినవాడు తినునో లేదో తెలియదు.

1793లో అతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి యయ్యెను. అతడు చేరునాటికి సుమారు 300 జాతుల మొక్కలున్న ఆ తోటలో, 1814లో అచ్చయిన పట్టిక ననుసరించి, సుమారు 3,500 జాతులుండెను. అప్పటికే అతడు తోటను విడిచెను. ఆరోగ్యము చెడి 1813లో ఓడనెక్కి, 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. భారతదేశపు వృక్షములనుగూర్చి తాను వ్రాసిన మహాగ్రంథమును అతడు అచ్చున చూడలేదు. అతని మిత్రుడు విలియం కేరీ 1820లో మొదటి భాగమును సెరంపూరున ప్రకటించెను; 1832 నాటికి గాని అది మూడు సంపుటములుగా వెలువడలేదు.