మూడు అరల పాత్ర: అల్ఫోన్సో బియాలెత్తి

నౌపడ అనగానే మనకు ఉప్పుమడులును, రైలు జంక్షనును స్ఫురించును. ఉప్పుమడిలో నీరు ఎండకు ఆవిరియై చప్పుడు లేక ఎగిరిపోవును. అదే ఆవిరిని ఇంజనులో బంధించినపుడు, 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి ప్రారంభమైన చిన్న రైలును పెక్కేండ్లు లాగినది. మూత లేని చోట ఎగిరిపోవు శక్తి, బిగించిన చోట పనిచేయును. ఈ సూత్రమునే జానెడు పాత్రలో ఇమిడ్చి, చిక్కని కాఫీని ఇంటింటికి అందించినవాడు ఇటలీ దేశీయుడగు అల్ఫోన్సో బియాలెత్తి.

అతడు 1888లో ఉత్తర ఇటలీయందలి పీడ్‌మాంటు ప్రాంతమున జన్మించెను. యౌవనమున ఫ్రాన్సుకు పోయి, సుమారు పదేండ్లు అల్యూమినియము పనిలో ఆరితేరెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట స్వస్థలమునకు మరలి, ఒమేన్యాకు చేరువనున్న క్రుసినాల్లోలో చిన్న కర్మశాలను నెలకొల్పెను.

ఆ దినములలో అక్కడ యంత్రముతో తీసిన కాఫీ కావలెనన్న హోటలుకు పోవలసినదే. బట్టలు ఉడుకబెట్టు పాత్రలో సబ్బునీరు నడిమి గొట్టముగుండ పైకి ఎగజిమ్ముట చూచి అతనికి క్రొత్త ఊహ పొడమెనని చెప్పుదురు. 1933లో మోకా పాత్ర రూపొందినది. ఈ కల్పనకు లుయీజీ దె పోంతీ పేరును కూడ చెప్పుదురు. కాఫీకి ప్రసిద్ధి కెక్కిన యెమెన్ రేవు మోఖా పేరే దానికి పేరైనది.

ఆ పాత్రకు మూడు భాగములు: క్రింద నీటి అర, నడుమ పొడి పోయు చిల్లుల గిన్నె, పైన కాఫీ చేరు కూజా. మంట తగులగానే క్రింది అరలోని గాలియు ఆవిరియు వ్యాకోచించి, నీటిని పొడిగుండ పైకి నెట్టును. మన ఇత్తడి ఫిల్టరులో నీరు తన బరువుచే క్రిందికి దిగును. ఇందు ఒత్తిడిచే పైకెక్కును. ఈ భేదము నెరుగకయే పలువురు పలుచని కాఫీ త్రాగి పాత్రను నిందింతురు.

దోషము సాధారణముగ కొలతలోనో, బిగింపులోనో ఉండును. నలుగురికి చాలు పాత్రలో ఇద్దరికి చేయబోయి గిన్నెను సగమే నింపినచో, నీరు పొడిని తాకీ తాకక జారిపోవును. గిన్నెను అంచువరకు నింపవలెను, కాని అదుమరాదు. పొడి మరీ ముతకయైనను సారము దిగదు. నీరు వాల్వుకు దిగువనే నిలువవలెను. రబ్బరు వాషరు అరిగినను, మర బిగియకున్నను, ఆవిరి ఉప్పుమడిలో వలె వృథాగ పోయి, నీరు క్రిందనే మిగిలిపోవును. మంట సన్నముగ నుండవలెను. మొదట వచ్చు కాఫీ చిక్కన, తుద వచ్చునది పలుచన. కావున గురగుర ధ్వని వినబడగానే దింపి, కూజాలో ఒకమారు కలిపి పోయవలెను.

ఇంత చక్కని పాత్రను నిర్మించిన బియాలెత్తి శిల్పియే గాని వర్తకుడు కాడు. చుట్టుపట్ల సంతలలో అమ్ముకొనుటతోనే తృప్తిపడెను. 1934 మొదలు 1940 వరకు తయారైనవి సుమారు 70,000 మాత్రమే. అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పని నిలిచిపోయెను. యుద్ధానంతరము కుమారుడు రెనాతో కర్మశాల భారమును వహించి, దేశమంతట ప్రకటనలు సాగించెను. మీసముల చిన్నమనిషి బొమ్మ ఆ పాత్రకు గుర్తైనది. పాత్ర స్వరూపము మారలేదు. దానిని లోకమునకు అందించు తీరు మారినది. తరువాత అవి కోట్లకొలది అమ్ముడుపోయినవి. 1970లో కన్నుమూయునాటికి అల్ఫోన్సో తన పాత్ర ఇటలీలో ఇంటి వస్తువగుటను చూడగలిగెను.

మన అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి గిరిజన రైతులు పండిన కాయలను చేతితో ఏరి కోయుదురు. కొండమీద పడిన అంత శ్రమయు తుదకు మన పొయ్యిమీద ఒక చెంచా పొడిని పొదుపు చేయుటవలన, ఒక మరను వదులుగ విడుచుటవలన వ్యర్థము కావచ్చును. పనిముట్టును నిందించుటకు ముందు దాని నిర్మాణమును తెలిసికొనుట మేలని ఈ శిల్పి చరిత్ర మన విద్యార్థులకు బోధించుచున్నది.