దారి తెలియని తీరానికి పటం గీసినవాడు – ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్

పిల్లలూ! సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళాలంటే ముందుగా మనం ఏం చేస్తాం? రైలు టికెట్లు చూస్తాం. ఫోనులో పటం తెరుస్తాం. అక్కడ చూడవలసినవి ఏమిటో, ఎక్కడ ఉండాలో, ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసుకుంటాం. మరి పటమే లేని చోటికి వెళ్ళవలసి వస్తే? ఉన్న పటం తప్పుదారి చూపిస్తే? 200 ఏళ్ళ క్రితం అటువంటి ఒక తీరానికి వెళ్ళి, తన తరువాత వచ్చేవారి కోసం పటం గీసి ఇచ్చిన నావికుడి కథ ఇది. ఆయన పేరు సర్ ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్.

ఫ్రాన్సిస్ 1774 మే 27న ఐర్లండులోని నవన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి చర్చిలో మతగురువు. ఆయనకు భూగోళశాస్త్రం అంటే ప్రాణం. ఐర్లండు దేశపటం గీసి 1792లో ప్రచురించాడు. ఇంటినిండా పటాలు, కొలతలు, లెక్కలు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి సముద్రం మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

14 ఏళ్ళ వయసులో, 1789లో, ఈస్టిండియా కంపెనీకి చెందిన వాన్సిటార్ట్ అనే ఓడలో చేరాడు. ఓడ తూర్పు సముద్రాలకు బయలుదేరింది. ఇప్పటి ఇండోనేషియాలోని గాస్పర్ జలసంధిలో సరైన పటాలు లేవు. అక్కడి లోతులు కొలుస్తూ పోతుండగానే ఓడ నీటి అడుగున ఉన్న మెట్టకు తగిలి దెబ్బతింది. ఓడను వదులుకోక తప్పలేదు. పటం సరిగ్గా లేకపోతే మనుషుల ప్రాణాలే పోతాయని ఆ కుర్రవాడికి 15 ఏళ్ళకే తెలిసివచ్చింది.

తరువాత బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. బడి చదువు త్వరగా ఆగిపోయినా, పుస్తకం చేతిలోంచి దించలేదు. 1800లో స్పెయిన్ తీరంలో జరిగిన ఒక పోరాటంలో ఆయన ఒంటికి 19 గాయాలయ్యాయి. కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ సమయాన్నీ వృథా చేయలేదు. డబ్లిన్ నుంచి గాల్వే దాకా సంకేతాలు పంపే స్తంభాల వరుసను నిర్మించే పనిలో తన బావ ఎడ్జ్‌వర్త్‌కు సాయపడ్డాడు.

1805లో వుల్‌విచ్ ఓడకు కెప్టెన్ అయ్యాడు. ఆ కాలంలో ప్రతి నావికుడూ గాలి గురించి తనకు తోచినట్టు రాసుకునేవాడు. ఒకరికి పెనుగాలి అనిపించినది మరొకరికి మామూలు గాలి. 1806 జనవరి 13న బ్యూఫోర్ట్ తన డైరీలో గాలి బలాన్ని అంకెలతో చెప్పే పట్టిక ఒకటి రాసుకున్నాడు. తరువాత దాన్ని సవరించి సున్నా నుంచి 12 దాకా నిలిపాడు. సున్నా అంటే గాలి కదలిక లేదు. 12 అంటే ఏ తెరచాపా నిలవలేని గాలి. మధ్యలోని అంకెలకు ఓడ ఎన్ని తెరచాపలు ఎత్తగలదన్నదే కొలత. ఇదే నేడు బ్యూఫోర్ట్ స్కేలుగా ప్రసిద్ధి పొందింది.

ఇక అసలు యాత్రకు వద్దాం. 1811లో నౌకాదళం ఆయనకు ఒక పని అప్పగించింది. మధ్యధరా సముద్రానికి ఉత్తరాన, నేటి టర్కీ దేశపు దక్షిణ తీరం ఉంది. అప్పట్లో అది ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగం. యూరప్‌వారు ఆ తీరాన్ని కారమేనియా అని పిలిచేవారు. వాళ్ళ దగ్గర ఆ తీరానికి నమ్మదగిన పటాలు లేవు. ఎక్కడ రేవు ఉంది, ఎక్కడ రాళ్ళు ఉన్నాయి, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి అన్నవి తెలియవు. ఆ వివరాలన్నీ సేకరించి రమ్మని ఆజ్ఞ.

ఫ్రెడరిక్‌స్టీన్ అనే యుద్ధనౌకలో బ్యూఫోర్ట్ బయలుదేరాడు. కొత్త పటాలు లేనప్పుడు పాత పుస్తకాలే దిక్కు. అప్పటికి దాదాపు 1800 ఏళ్ళ క్రితం స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత ఆ తీరంలోని నగరాలను వరుసగా వర్ణించాడు. ఆ వర్ణనలను ఎదుట కనిపించే కొండలతో, శిథిలాలతో పోల్చి చూసుకుంటూ బ్యూఫోర్ట్ ముందుకు సాగాడు. సీసపు గుండు కట్టిన తాడును నీళ్ళలోకి వదిలి లోతు కొలిచేవారు. ఒడ్డున రెండు చోట్ల మధ్య దూరం కొలిచి, ఆ రెండు చోట్ల నుంచి కొండశిఖరానికి ఉన్న కోణాలు చూసి, లెక్కకట్టి పటం మీద గుర్తు పెట్టేవారు. మీరు గణితంలో నేర్చుకునే త్రిభుజాలే అక్కడ ఓడకు దారి చూపాయి.

తీరం పొడవునా ప్రాచీన నగరాలు కనిపించాయి. పతారా ఒకప్పుడు పెద్ద రేవు. ఆయన చూసేనాటికి ఇసుక మేట వేసి ఓడలు రాలేని స్థితిలో ఉంది. సీదే నగరంలో విశాలమైన రోమన్ నాటకశాలను కొలిచి వివరాలు రాసుకున్నాడు. ఫసేలిస్ దగ్గర మరో విశేషం ఉంది. క్రీస్తుపూర్వం 334-333 శీతాకాలంలో అలెగ్జాండర్ సైన్యం కొండకూ కడలికీ నడుమ నీళ్ళలో నడిచి ముందుకు పోయిందని చరిత్రకారులు రాశారు. బ్యూఫోర్ట్ ఆ తీరాన్ని స్వయంగా చూసి, పాత రాతలు అక్కడి నేలకు చక్కగా సరిపోతున్నాయని నమోదు చేశాడు. సోలి అనే పాత నగరానికి పాంపెయొపోలిస్ అని మరో పేరు. అక్కడ సుమారు 200 స్తంభాల బారులో 44 మాత్రమే నిలిచి ఉన్నాయని లెక్కపెట్టాడు.

అన్నిటికన్నా వింతైనది ఒలింపోస్ శిథిలాలకు దగ్గరలోని కొండ. అక్కడ రాతి పగుళ్ళలోంచి మంట ఎగసిపడుతూ ఉంటుంది. సింహపు తల, మేక ఒళ్ళు, పాము తోక ఉన్న కిమేరా అనే రాక్షసిని గ్రీకులు ఈ మంటతో ముడిపెట్టారు. నేలలోంచి వచ్చే సహజవాయువే దానికి కారణం. మన హిమాచల్ ప్రదేశ్‌లోని జ్వాలాముఖి ఆలయంలో వెలిగే జ్వాలలూ అలాంటివే. బ్యూఫోర్ట్ అక్కడికి నడిచి వెళ్ళి చూశాడు. కాపరులు ఆ మంట మీద వంట చేసుకుంటారని, అయితే దొంగిలించిన మాంసం మాత్రం దాని మీద ఉడకదని స్థానికులు చెప్పుకునే మాటను కూడా రాసుకున్నాడు. ఆ మంట ఈనాటికీ వెలుగుతూనే ఉంది.

శిథిలాలతో పాటు మనుషులూ ఆయన కంటపడ్డారు. అదాలియా పట్టణంలో, అంటే నేటి అంటాల్యాలో, అధికారం కోసం పోరు జరిగింది. ఓడిపోయినవారు ప్రాణభయంతో ఓడ దగ్గరికి వచ్చి శరణు కోరారు. పరాయి దేశపు గొడవలో తలదూర్చడం ఓడకు ప్రమాదమే. అయినా వాళ్ళను చావుకు వదిలిపెట్టలేక ఓడలోకి ఎక్కించుకుని, తిండి పెట్టి, కోస్ దీవిలో దింపాడు. ఆ ప్రాంతంలోనే తిరుగుతున్న కాకెరెల్ అనే యువ శిల్పశాస్త్రవేత్తను కూడా తన ఓడలో వెంట తీసుకుపోయాడు.

కాని యాత్ర అనుకున్నట్టుగా ముగియలేదు. 1812 జూన్‌లో తూర్పు కొసన ఉన్న అయాస్ దగ్గర బ్యూఫోర్ట్ బృందం ఒడ్డున కొలతలు తీసుకుంటోంది. పరదేశులు వచ్చారన్న కోపంతో కొందరు ఆయుధాలతో వారి మీదికి వచ్చారు. ఎవరినీ చంపడం ఇష్టంలేక బ్యూఫోర్ట్ మొదట వాళ్ళ తలల మీదుగా తుపాకి పేల్చాడు. జనం వెనుకంజ వేసినా, పడవ వెళ్ళిపోతుండగా కాల్చిన గుండు ఆయన తుంటి ఎముకను విరగగొట్టింది. మరో పడవలో ఉన్న ఒక కుర్ర అధికారి ప్రాణాలు కోల్పోయాడు. సర్వే అక్కడితో ఆగిపోయింది. ఆ ఓడ ఇంటికి చేరాక బ్యూఫోర్ట్ మరే ఓడకూ కెప్టెన్‌గా వెళ్ళలేదు.

సముద్రం దూరమైనా ఆయన పని ఆపలేదు. మంచం మీద నుంచి లేచి తన కొలతలతో పటాలు సిద్ధం చేశాడు. 1817లో కారమేనియా అనే పేరుతో తన యాత్రను పుస్తకంగా ప్రచురించాడు. అటు తరువాత ఆ తీరానికి బయలుదేరినవారు ముందుగా వెతుక్కున్నది ఆ పుస్తకాన్నీ, ఆ పటాలనూ.

1829లో ఆయన నౌకాదళపు పటాల విభాగానికి అధిపతి అయ్యాడు. 1855 దాకా, అంటే 80 ఏళ్ళు నిండేదాకా, ఆ బాధ్యతలో ఉన్నాడు. ప్రపంచ సముద్రాల పటాలు వందల కొద్దీ ఆయన పర్యవేక్షణలో తయారయ్యాయి. 1831లో బీగిల్ ఓడ ప్రయాణానికి ప్రకృతి శాస్త్రం తెలిసినవారు కావాలని ఆయన కేంబ్రిడ్జికి కబురు పెట్టాడు. ఆ కబురే చివరికి చార్లెస్ డార్విన్ అనే యువకుడి దగ్గరికి చేరింది. గాలి స్కేలును మొదటిసారి అధికారికంగా వాడిందీ ఆ బీగిల్ ప్రయాణంలోనే. 1838 నుంచి బ్రిటిష్ నౌకాదళమంతా దాన్ని వాడసాగింది. 1857 డిసెంబరు 17న, 83 ఏళ్ళ వయసులో బ్యూఫోర్ట్ కన్నుమూశాడు. ఉత్తర ధ్రువానికి దగ్గరలోని ఒక సముద్రానికి ఆయన పేరే ఉంది.

మనలో విశాఖపట్నంలోనో, చెన్నైలోనో ఉండి వచ్చినవాళ్ళకు తుపాను హెచ్చరికలు కొత్త కాదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే మన వాతావరణశాఖ దాన్ని తుపాను అంటుంది. బ్యూఫోర్ట్ స్కేలులో 8వ అంకె మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే.

పిల్లలూ! మీ నాన్నగారికో, అమ్మగారికో బదిలీ ఉత్తర్వు రాగానే పెట్టెలు సర్దుకుని కొత్త ఊరికి వెళ్ళడం మీకు అలవాటే. మీ టీచర్లకూ అదే అలవాటు. బ్యూఫోర్ట్ వెళ్ళిన తీరం కూడా ఆయన కోరుకున్నది కాదు, ఉత్తర్వు మీద వెళ్ళినదే. అయినా వెళ్ళేముందు ఆ చోటు గురించి చదివాడు. వెళ్ళాక కళ్ళు తెరిచి చూశాడు, కొలిచాడు, అక్కడివారి మాట విన్నాడు. చూసినదాన్ని తన దగ్గరే దాచుకోకుండా వెనుక వచ్చేవారికి అందించాడు. ఈసారి ఊరు మారేటప్పుడు ఒక పని చేయండి. మీ బడి, బస్సు దారి, మంచి గ్రంథాలయం, వానాకాలం నీళ్ళు నిలిచే వీధి, ఇవన్నీ ఒక కాగితం మీద గీసి, మీ తరగతిలో కొత్తగా చేరబోయే విద్యార్థి కోసం వదిలి వెళ్ళండి. కొత్త ఊళ్ళో మొదటి రోజు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు కదా!