నీలకంఠ కృష్ణన్

వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ (జూన్ 8, 1919 - 1982) భారత నౌకాదళ అధికారి. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధ కాలంలో విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతిగా పనిచేశాడు. విమాన వాహక నౌక ఐ.ఎన్.ఎస్. విక్రాంత్‌ను శత్రు జలాంతర్గామి కంటబడకుండా దాచి, దాని యుద్ధ విమానాలతో తూర్పు పాకిస్తాన్ రేవులపై దాడులు జరిపించిన వ్యూహకర్తగా ఈయన ప్రసిద్ధుడు.

తొలి జీవితం

కృష్ణన్ అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్‌లో జన్మించాడు. బ్రిటిష్ పాలనా కాలంలో రాయల్ ఇండియన్ నేవీలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకాన్ని అందుకున్నాడు. అప్పటికి ఈయన వయస్సు 22 సంవత్సరాలు.

1961 డిసెంబరులో పోర్చుగీసు పాలన నుండి గోవా, డామన్, డయ్యూల విమోచన జరిగినపుడు ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ నౌకకు కెప్టెన్‌గా డయ్యూ వద్ద పోరాటంలో పాల్గొన్నాడు. తరువాత విక్రాంత్‌కు కూడా కెప్టెన్‌గా పనిచేశాడు. ఆ నౌక సామర్థ్యమూ పరిమితులూ స్వయంగా ఎరిగి ఉండడం 1971లో ఈయనకు ఎంతో ఉపకరించింది.

విక్రాంత్ సమస్య

1971 నాటికి విక్రాంత్ పరిస్థితి బాగుండలేదు. నౌకకున్న నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్ళు ఏర్పడడంతో పూర్తి వేగం అందుకోలేకపోయేది. చిన్న డెక్ మీది నుండి విమానం లేవాలంటే ఆవిరితో పనిచేసే కాటపుల్ట్‌తో బాటు ఎదురుగాలి కూడా అవసరం. నౌక వేగం తగ్గితే ఎదురుగాలీ తగ్గుతుంది. గాలి లేని రోజున విమానం బయలుదేరడమే కష్టం. బాయిలర్ పూర్తిగా విఫలమైతే నౌకతో పాటు వందలాది నావికుల ప్రాణాలకూ ముప్పు. అయినప్పటికీ విక్రాంత్‌ను యుద్ధంలో దించవలసిందేనని కృష్ణన్ భావించాడు. 1965 యుద్ధ సమయంలో ఈ నౌక మరమ్మతులలో ఉండి ఏ పాత్రా వహించలేకపోయింది.

ఘాజీ ఉదంతం

విక్రాంత్‌ను ముంచే లక్ష్యంతో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ నుండి బయలుదేరింది. అమెరికాలో డయాబ్లో పేరుతో నిర్మించబడిన ఈ జలాంతర్గామి 1964లో పాకిస్తాన్‌కు వచ్చింది. దీనిని ఎదుర్కొనడానికి కృష్ణన్ ఒక మోసపు ఎత్తు వేశాడు. విక్రాంత్‌ను అండమాన్ దీవులలో రహస్యంగా ఉంచి, అది విశాఖపట్నం పరిసరాలలోనే ఉన్నట్లు ప్రచారం జరిగేలా చేశాడు. త్వరలో నౌకాదళం నుండి తొలగించవలసి ఉన్న పాత డిస్ట్రాయర్ ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్‌ను తీరానికి సుమారు 160 మైళ్ళ దూరానికి పంపి, పెద్ద నౌక మాదిరిగా విస్తారంగా వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. నౌకా సముదాయం వస్తున్నదనే భావన కలిగేలా విశాఖపట్నం కాంట్రాక్టర్లకు పెద్దమొత్తంలో మాంసం, కూరగాయలు సరఫరా చేయమని ఉత్తర్వులిచ్చాడు.

డిసెంబరు 3 రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖపట్నం రేవు నుండి బయలుదేరి, నీటిలో కనిపించిన అలజడిని అనుమానించి డెప్త్ చార్జీలు ప్రయోగించింది. కొద్ది నిమిషాలకు తీరం వరకు వినిపించిన భారీ పేలుడు సంభవించింది. ఘాజీ తొంభై మందికి పైగా సిబ్బందితో సహా మునిగిపోయింది. రాజ్‌పుత్ దాడి వలననే మునిగిందని భారత నౌకాదళం పేర్కొనగా, తాను అమర్చిన మైన్ల వలన గాని, లోపలి పేలుడు వలన గాని మునిగి ఉండవచ్చునని పాకిస్తాన్ వాదన. ఈ వివాదం తేలలేదు. 2017లో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఘాజీ చలనచిత్రంలో భారత జలాంతర్గామి ఘాజీని ముంచినట్లు చూపిన కథ కల్పితం.

విమాన దాడులు

డిసెంబరు 4న విక్రాంత్ నుండి లేచిన సీ హాక్ యుద్ధ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడి చేశాయి. సీ హాక్‌ల దళానికి లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తా నాయకుడు. ఆయనకు మహావీర చక్ర లభించింది. అలీజే విమానాలు కూడా పాల్గొన్న ఈ దాడులు తరువాతి రోజులలో ఖుల్నా, మోంగ్లా రేవులకు విస్తరించాయి. దీనితో తూర్పు పాకిస్తాన్‌లోని సైన్యానికి సముద్ర మార్గం మూసుకుపోయింది. అయితే కాక్స్ బజార్ వద్ద సైనికులను తీరానికి దింపే ప్రయత్నం అనుకున్నట్లు సాగలేదు. డిసెంబరు 16న ఢాకాలో జరిగిన లొంగుబాటు కార్యక్రమానికి కృష్ణన్ హాజరయ్యాడు.

చివరి దశ

కృష్ణన్‌కు భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారాన్ని ఇచ్చింది. పదవీ విరమణ తరువాత కొచ్చిన్ షిప్‌యార్డుకు అధిపతిగా పనిచేశాడు. బంగాళాఖాతంలో జరిగిన యుద్ధాన్ని వివరిస్తూ ఆంగ్లంలో రచించిన నో వే బట్ సరెండర్ గ్రంథం 1980లో వెలువడింది. 1982లో మరణించాడు. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారక చిహ్నాన్ని నిర్మించారు.