రహీం సాహెబుగారి చరిత్ర

సాయంకాలపు గంట మ్రోగినతోడనే మైదానమునకు పరుగిడు మన బాలురలో నెవనినైన నిలిపి, ఏ స్థానమున నాడుట నీ కిష్టమని యడిగినచో, పదిమందిలో తొమ్మండుగురు ఫార్వర్డు స్థానమునే కోరుదురు. బ్యాకుగా నిలుచుట కెవ్వడును ఒప్పుకొనడు. గోలు కొట్టినవాని పేరు ఇల్లిల్లు తిరుగును; గోలు పడకుండ కాచినవానిని ఇంటికి పోవులోపల మరచిపోవుదురు. దీనిని మేము చాల యేండ్లుగా చూచుచున్నాము. కావుననే ఈ సంచికకు, కాచుకొని యాడుట యెట్లో మన దేశపు జట్టునకు నేర్పిన యొక బడిపంతులుగారి చరిత్రను వ్రాయ బూనితిమి.

వారు దూరదేశస్థులు కారు. మన చెంగిచెర్లనుండి ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేటల మీదుగా పట్నమునకు పోయిన కాచిగూడయు, దాని తరువాత మూసీ యొడ్డున చాదర్‌ఘాటును వచ్చును. ఆ రెండు చోట్ల బడులలోను ఉపాధ్యాయులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీంగారే మేము చెప్పబోవు మహనీయులు. పట్నమువారు వారిని రహీం సాహెబని పిలిచెడివారు.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు, అచ్చటి విద్యార్థుల జట్టులో ఫుట్‌బాలు ఆడిరి. పట్టము పొందిన పిమ్మట కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు అను నాలుగు బడులలో పనిచేసిరి. మధ్యలో వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, చివరి రెండు బడులలో ఆటల బాధ్యతను వహించిరి. తరగతిలో పాఠము చెప్పినవాడే మైదానములోను పాఠము చెప్పుట మంచిదని మా యభిప్రాయము. రహీంగారి విషయమున అదియే జరిగినది.

1943వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దు పని వారిమీద పడెను. ఆ రోజులలోనే హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ పదవిలో నుండిరి. పోలీసు జట్టువారు జీతమునకు ఉద్యోగము చేయుచు ఆడువారు. పెద్ద పట్టణపు క్లబ్బులకున్న హంగులు వారికి లేవు. అయినను 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును వారే గెలుచుకొనిరి. 1950లోను, 1954లోను డ్యూరాండ్ కప్పును సైతము తెచ్చిరి.

ఇది యెట్లు సాధ్యమైనదో కొంచెము వివరింతుము. మన దేశమున అప్పటి యాటగాండ్రకు బంతి దొరికిన విడువ మనసొప్పదు. ఒకడు ముగ్గురిని తప్పించి పోయిన జనులు చప్పట్లు కొట్టెడివారు. రహీంగారు దానికి విరుగుడుగా పట్నములో కొన్ని వింత పందెములు పెట్టించిరి. ఒకదానిలో బంతిని కాలితో దొర్లించుకొని పోరాదు. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందింపవలెను. వేరొకదానిలో అలవాటైన కాలితో తన్నరాదు, రెండవ కాలితోనే తన్నవలెను. చూచువారికి ఇది నవ్వులాటగా తోచియుండును. కాని ఎడమకాలు వచ్చిన బ్యాకును ఏ ప్రక్కనుండియు తప్పించుట కష్టము. బంతిని త్వరగా విడుచు జట్టునుండి దానిని లాగుకొనుట అంతకంటెను కష్టము. బంతి మన కాలియొద్ద నున్నంతసేపు ఎదుటివాడు గోలు కొట్టజాలడు గదా! కాపుదల యనునది గోలు ముందర గాక, మైదానపు ఆ కొసనుండియే మొదలగునని వారు కనిపెట్టిరి.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలకు వారే భారత జట్టును తయారుచేసిరి. కడపటి పందెములో ఇరానుపై మేవాలాల్ కొట్టిన యొక్క గోలుతో స్వర్ణపతకము వచ్చినది. ఇంకేమి, మనకు ఎదురులేదని జనులు తలంచిరి.

మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మన జట్టును పదికి ఒకటిగా ఓడించెను. మనవారిలో పలువురు చలిలో వట్టికాళ్లతో ఆడిరి. పత్రికలు బూట్లనుగూర్చి చాల వ్రాసినవి, అందును సత్యమున్నది. కాని అసలు లోపము అదియొక్కటే గాదు. మనవారు వెనుక ఇద్దరు బ్యాకులు, నడుమ ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ముందర ఐదుగురు ఫార్వర్డులుగా నిలిచెడి పాత పద్ధతినే పట్టుకొని యుండిరి. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారినది. అంతకుముందు ముందరనున్న యాటగానికిని గోలుగీతకును మధ్య ఎదుటివారు ముగ్గు రుండవలసియుండగా, అప్పటినుండి ఇద్దరున్న చాలు. దానితో ఫార్వర్డులకు చోటు పెరిగినది. అది చూచి ఇంగ్లండులోని జట్లు నడిమి హాఫ్‌బ్యాకును వెనుకకు లాగి, ఇద్దరు బ్యాకుల మధ్య మూడవ బ్యాకుగా నిలిపినవి. ఇరువదియేడేండ్లు గడచినను ఆ మార్పు మన యాటలో కుదురుకొనలేదు. ఇద్దరు కావలివాండ్రున్న కోటలోనికి ఐదుగురు వచ్చి పడిన ఏమగును? పది గోలులైనవి.

అంతటి పరాభవము జరిగినప్పుడు నెపము పిల్లలమీద త్రోయు ఉపాధ్యాయులను మేమెరుగుదుము. ఒక్కొక్క పరీక్షాఫలితము వచ్చినప్పుడు మేమును ఆ తప్పు చేసితిమి. రహీంగారు మాత్రము తమ పాఠమునే దిద్దుకొనిరి. మూడవ బ్యాకు పద్ధతిని నేర్పిరి. తరువాతి కాలమున వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందర నలుగురు నిలుచు పద్ధతికి మారిరి. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన పద్ధతియు అదియే. హెల్సింకీలో దెబ్బతిన్న అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ అను మన పట్నపు రక్షకులను వారు విసర్జింపక, నాలుగేండ్ల తరువాత మెల్‌బోర్నుకు మరల తీసికొనిపోయిరి. అచ్చట 1956 డిసెంబరులో ఆతిథ్యదేశమగు ఆస్ట్రేలియాను నాలుగుకు రెండుగా ఓడించి, ఒలింపిక్సు సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టుగా మనవారు పేరొందిరి. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోలులు కొట్టెను. సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే ఎదురై నాలుగుకు ఒకటిగా గెలిచెను. పది నాలుగైనది, పంతులుగారి లెక్కలో అదియు గొప్ప మెట్టే.

మెల్‌బోర్ను పోయినవారిలో తులసీదాస్ బలరాం అను బాలు డుండెను. ఆతని యూరు సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడ. మనకును పెద్ద దూరము గాదు. ఇల్లు మిక్కిలి పేదది. రహీంగారు ఆతని యాట చూచి అభ్యాసమునకు రమ్మనగా, పట్నమువరకు వచ్చుటకు దారిఖర్చు లేదని చెప్పెనట. అంతట రహీంగారు అద్దె సైకిలుకై రూపాయి యిచ్చి పిలిపించుకొనిరి. 2023లో మరణించిన బలరాంగారు వృద్ధాప్యమునను ఈ సంగతిని చెప్పుకొనెడివారు.

1960లో రోమునకు పోయిన జట్టు ఫ్రాన్సుతో చెరియొక గోలుతో సమానముగా నిలిచెను. ఆ జట్టులో రహీంగారి కుమారుడు హకీముండెను. కాని తండ్రి ఆతనిని ఒక్క పందెములోను దింపలేదు. ఇంటిలో దీనిగూర్చి ఏమి మాటలు జరిగినవో ఊహించుటకు మాకు ధైర్యము చాలదు.

1962లో జకార్తాకు పోవునాటికి రహీంగారి దేహము చెడియుండెను. సిగరెట్లు విస్తారముగా కాల్చు అలవాటు వారికి కలదు. ఊపిరితిత్తులలో పుండుజబ్బు, అనగా కాన్సరు, ప్రవేశించినది. జకార్తాలో కాలము సయితము అనుకూలముగా లేదు. ఇస్రాయేలు, తైవాను దేశములను రానీయనందుకు భారత ప్రతినిధి సోంధీగారు ఆక్షేపించుటచే అచ్చటి జనులు మనవారిపై మండిపడుచుండిరి. మొదటి పందెములో దక్షిణ కొరియా మనలను రెండు గోలులతో ఓడించెను. థాయిలాండుపై గెలిచిన నాడు, జట్టులోని రక్షకులలో మేటియగు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి.

ఇచ్చట రహీంగారు చేసిన పని సాహసమో తెగింపో మేము చెప్పజాలము. తలకు కట్టుతో నున్న బ్యాకును సెమీఫైనలులో ముందరి నడుమ స్థానమున నిలిపిరి. వెనుకనుండి ఆటను చదువ నేర్చినవాడు ముందరినుండియు చదువగలడని వారి నమ్మకము కాబోలు. దక్షిణ వియత్నాముపై జర్నైల్ ఒక గోలు కొట్టెను. మనవారు మూడుకు రెండుగా గెలిచిరి. ఆతడు విడిచిన వెనుకటి చోటును అరుణ్ ఘోష్ మొదలగువారు కాచిరి.

సెప్టెంబరు 4వ తేదీన మరల దక్షిణ కొరియాతోనే కడపటి పందెము. ముందునాటి రాత్రి రహీంగారు కుర్రవాండ్రను పిలిచి, తమకు కానుకగా ఆ స్వర్ణపతకమును తెచ్చియీయుమని కోరిరని చెప్పుదురు. లక్షమంది వరకు కూడిన క్రీడాస్థలము మనవారిని కేకలతో హేళన చేయుచుండగా, పాకిస్తాను హాకీ జట్టువారు మాత్రము మన పక్షమున అరచిరట. జ్వరమునుండి లేచిన తంగరాజ్ గోలు కాచెను. పీ.కే. బెనర్జీ ఒకటియు, జర్నైల్ ఒకటియు మొదటి యిరువది నిమిషములలోపలనే కొట్టిరి. కొరియా వారు ఆట ముగియవచ్చు వేళ ఒకటి మాత్రమే తిరిగి కొట్టగలిగిరి. రెండుకు ఒకటి! బలరాం, యూసఫ్ ఖాన్ మున్నగు మన పట్నపువారు ఆనాటి జట్టులో నుండిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతమునకు స్వర్ణము మరల రాలేదు.

తిరిగి వచ్చిన పిమ్మట రహీంగారు మంచము పట్టిరి. పందెము జరిగి పది నెలలైనను నిండకముందే, 1963 జూన్ 11వ తేదీన, తమ యేబదినాలుగవ యేట వారు కాలధర్మము నొందిరి. కుమారుడు హకీం వైమానిక దళములో పనిచేసి, పలు జట్లకు శిక్షకుడై, 2021 వరకు జీవించెను. 2024లో వారి కథను హిందీలో మైదాన్ అను చలనచిత్రముగా తీసిరి. మన పై తరగతుల బాలురు కొందరు దానిని చూచివచ్చి, మరునాటి సాయంకాలము మైదానమున బ్యాకు స్థానమునకై తగవులాడుకొనిరి.